మూరెడు బొంగులు

మా బావ పోయాడన్న కబురు అందేసరికి నేను బొంగులు కోస్తున్నాను. పొద్దున్నే రోడ్డు మీద నా కొట్టు ముందు కూర్చుని, రంపంతో వెదురు కర్రల్ని కణుపు దగ్గర తెగ్గోసి, మూరెడు ముక్కలు చేసి పేరుస్తున్నాను. శనివారం, విశాఖ నుంచి కార్లు వచ్చే రోజు. ఊళ్లోంచి వచ్చిన ఆటో నా ముందు ఆగింది. నడిపేవాడు ఇంజను ఆపకుండానే తల బయటికి పెట్టి, "తాతా, మీ బావ పోనాడు. నిద్దర్లోనే పోనాడట. బేగి ఎక్కు" అన్నాడు. నేను చేతిలో ఉన్న ఆఖరి కర్రని పూర్తిగా కోసి, అప్పుడు లేచాను. ఎందుకు కోశానంటే చెప్పలేను. చెయ్యి ఆగలేదు.

ఆయన గురించి నాలుగు మాటలు రాయమని మా చెల్లి అడిగింది. నాకు వచ్చిన అక్షరాలు తక్కువ, ఉన్నవాటితోనే రాస్తున్నాను. పొగడ్డం నాకు చేతకాదు. బతికుండగా ఒక్కసారీ పొగడలేదు. ఇప్పుడు మొదలుపెడితే ముందు నవ్వేది ఆయనే.

మా మేనత్త కొడుకు. మా చెల్లిని చేసుకున్నాడు. ఒక ఈడువాళ్లం కాబట్టి ఆయనకి నేను బావనే, నాకు ఆయన బావే. టైడా దాటి ఘాట్ రోడ్డు ఎక్కి వస్తే ఒక మలుపులో మా ఊరు తగులుతుంది. ఆ మలుపులో మొట్టమొదట నిప్పు రాజేసి బొంగు చికెన్ అమ్మింది మా బావే. కోడిమాంసానికి ఉప్పూ కారం పట్టించి, వెదురు బొంగులో కూరి, మూతికి ఆకు కుక్కి, నిప్పుల మీద దొర్లించి కాల్చడమే అది. మా తాతలు అడవికి గిన్నెలు మోసుకెళ్లలేక చేసుకున్న వంట. దాన్ని కార్లలో వచ్చేవాళ్లు ఇష్టంగా తింటారని ఆయనకి తోచింది, నాకు తోచలేదు.

ఆయన నోరు పెద్దది. కారు దిగిన ప్రతి మగవాడూ ఆయనకి అల్లుడే, ప్రతి ఆడపిల్లా కూతురే. "అల్లుడుగోరూ, బొంగు కొరక్కండి, లోపల్ది తినండి. బొంగు నాకొగ్గీండి" అనేవాడు. ఆ మాట ఎన్నిసార్లు అన్నా ఎదుటివాళ్లకంటే ముందు తనే నవ్వేవాడు. నిప్పుల్లో పెట్టేముందు ప్రతి బొంగునీ వేలి మెటికతో టక్కుటక్కుమని తట్టి, చెవి దగ్గర పెట్టుకుని వినేవాడు.

"ఏటి సెప్తాంది బావా?" అని ఎగతాళిగా అడిగేవాణ్ని.

"నీ మీద సాడీలు సెప్తాంది. ఇంకా అవనేదు, ఉండు" అనేవాడు.

ఆయన అమ్మకం చూసి నేను రోడ్డుకి అవతలి పక్క కొట్టు పెట్టాను. చిన్నగా పెట్టడం నాకు రాదు. పెద్ద బోర్డు, రంగు దీపాలు, వరసగా పొయ్యిలు. అరకు దాకా ఉన్న కొట్లకి బొంగులు కోసి పంపే పని కూడా నేనే పట్టాను. ఊరి వెనక కొండంతా వెదురే కదా, ఎంత కొడితే తరుగుతుంది అనుకున్నాను. ఈ వంటకి లేత బొంగు కావాలి. లేతదానిలో నీరు ఉంటుంది, నిప్పుకి బేగి మాడదు, కత్తితో కొడితే చక్కగా రెండుగా చీలుతుంది. అలా చీల్చేటప్పుడు పొగ లేస్తే వచ్చినవాళ్లు ఫోన్లలో వీడియో తీసుకుంటారు. అందుకని అంతా లేతవే కొట్టించాను.

ఒక వానాకాలం మా బావ తడిసి ముద్దై, బురదకాళ్లతో నా కొట్టులోకి వచ్చాడు.

"బావా, కొండెక్కి సూసినావేటి? కొమ్ములు సన్నబడిపోనాయి. నా జబ్బంత లావు లేసేవి, ఇప్పుడు బొటనేలంత లేత్తన్నాయి."

"సన్నబడ్డవి నీ కళ్లు బావా. అద్దాలెట్టుకో" అన్నాను.

కొమ్ములంటే వానలకి నేలలోంచి లేచే వెదురు మొలకలు. అవే నిలబడి కర్రలవుతాయి. ఆయన నా మాట పట్టించుకోలేదు. ఎక్కడో వాకబు చేసి, వెదురు గురించి చదువుకున్న ఒక అమ్మాయిని కొండకి తీసుకొచ్చాడు. ఆ అమ్మాయి బురదలో మోకాళ్లమీద కూర్చుని ఒక పొద మొదలు తవ్వి చూపించింది. పైకి ఎన్ని కర్రలు కనపడినా కింద అన్నిటి వేళ్లూ ఒకదానికొకటి తగులుకునే ఉంటాయట. ఈ ఏడు లేచే కొమ్ముకి తిండి పోసేది నిరుడూ మొన్నటేడూ లేచిన కర్రలేనట. లేతవన్నీ కొట్టేస్తే తిండి పెట్టేవాళ్లు లేక పొద చిక్కిపోతుందట. మూడు వానలు చూసిన కర్రే కొట్టండి, గుర్తుకోసం ఏ ఏటి కర్రకి ఆ ఏటి రంగు గీత వెయ్యండి అని చెప్పింది.

నేను చేతులు కట్టుకుని నిలబడి, "మాకు ఎదురు నేర్పడానికి కొండ కిందనుంచి రావాలేటమ్మా?" అన్నాను.

ఆ అమ్మాయి తవ్విన మట్టిని మళ్లీ వేళ్ల మీదికి తోసింది. మా బావే అన్నాడు. "సదువుకున్న గుంట సెప్పింది ఇను బావా. నీకు అంత తెలిసుంటే కొండ ఇలాగెందుకున్నాది?"

మర్నాడు ఆయన తెల్లరంగు డబ్బా కొనుక్కొచ్చి, కొండెక్కి, కొత్తగా లేచిన ప్రతి కర్రకీ మెడలో పట్టీ కట్టినట్టు గీత వేశాడు. కింద రోడ్డు మీంచి చూస్తే పొదల మధ్య తెల్లగా కనపడేవి. ఆయన కొట్టులో అప్పట్నుంచి ముదురు బొంగులే. ముదురుది నిప్పుకి తొందరగా పగులుతుంది కదా, దానికీ దారి చూశాడు. ముందురోజే కోసి, ఊరి పక్క గెడ్డలో పారే నీళ్లలో రాళ్లు బరువు పెట్టి నానబెట్టేవాడు. ఉడకడానికి ఆలస్యమయ్యేది. కార్లవాళ్లు విసుక్కుంటే కబుర్లు చెప్పి కూర్చోబెట్టేవాడు. బొంగులు అయిపోతే అడ్డాకులో చుట్టి కాల్చి పెట్టేవాడు. "ఈడియోకి ఎదురు కావాలి గానీ నోటికి అక్కర్నేదు అల్లుడా, తిని సూడు" అనేవాడు. ఒక హోటలాయనతో మాట్లాడుకుని, వానల్లో బొంగులు అడక్కూడదు, నేనిచ్చినన్నే పుచ్చుకోవాలి అని ఒప్పించాడు. ఆ హోటలాయన ఆ సంగతి కాగితం మీద అచ్చువేయించి బల్లల మీద పెట్టాడట. జనం చదివి మరీ అవే అడిగేవారట. నేను నమ్మలేదు. పిచ్చోడికి పిచ్చోడు దొరికాడని ఊళ్లో చెప్పుకు తిరిగాను.

మా ఊళ్లో ఏ కొత్త పంటైనా కొండదేవతకి పెట్టి పండగ చేశాకే నోట పెడతాం. మామిడి కొత్త అవనిదే చెట్టుకింద రాలిన కాయ కూడా తియ్యం. సామ కొత్త అవనిదే కొత్త సామలు వండం. ఎవరూ కాపలా ఉండరు, అయినా ఎవరూ తప్పరు. మా బావ ఊరందరినీ కూర్చోబెట్టి వెదురుకి కూడా అలాగే కొత్త పెడదామన్నాడు. గీత వేసిన కర్ర మూడో వాన చూశాక, పండగ చేసి, అప్పుడు కత్తి పెడదాం. అందరం ఒక్కమాట మీద ఉంటే ఏ కొట్టువాడూ నష్టపోడు, ఒక్కడు తప్పితే అందరం తప్పుతాం అన్నాడు. ఊరు వింది. కొందరు తలలూపారు కూడా.

అప్పుడు నేను లేచి, "మావిడికాయికి పండగంటే తినడానికి. బొంగుకి పండగేటి బావా? రేపు రంపానికి పెళ్లి సేద్దావంటావా?" అన్నాను.

అందరూ నవ్వారు. ఊరు అలా నవ్విందంటే ఇక ఆ మాట నిలవదు. ఆయన కూడా నవ్వాడు, కానీ ఆసారి ముందుగా నవ్వలేదు.

ఆ తరవాత నేను తెల్లగీతల కర్రలే కొట్టించాను. గీత గీకి పంపాను. దొంగతనంగా కాదు, పట్టపగలే. ఒకరోజు నా కొట్టు దగ్గర నేలమీద తెల్లటి పొట్టు చూసి ఆయన ఆగాడు. వంగి చిటికెడు తీసి వేళ్ల మధ్య నలిపాడు. "పాలపళ్లు పీకేత్తన్నావు బావా" అన్నాడు. అంతే, వెళ్లిపోయాడు. తిట్టుంటే బాగుండేది. నాకు తిట్లకి జవాబు వచ్చు.

కొండ బోడి అయ్యింది. పట్టి ఉంచే వేళ్లు లేక పెద్ద వానకి మట్టి జారి గెడ్డలో పడింది. దిగువ మళ్లలో ఇసక మేట వేసింది. గెడ్డ నీళ్లు చాన్నాళ్లు ఎర్రగా పారాయి. ఇప్పుడు మా ఊరి బొంగులు చింతూరు వైపు నుంచి లారీలో వస్తాయి. కొండ మనుషులం, వెదురు కొనుక్కుంటున్నాం. మా బావ మాత్రం ఆ అమ్మాయి ఇచ్చిన మొక్కలు తన ఇంటి వెనక గెడ్డ ఒడ్డున నాటాడు. కంచె వేశాడు. అవి పొదలై, మట్టిని పట్టి, లావు కొమ్ములు వెయ్యడం మొదలుపెట్టాయి. వాటికీ గీతలే. "మూడో వాన దాకా నాను కూడా ముట్టుకోను" అని మా చెల్లితో అనేవాడట.

ఆ శనివారం నేను ఆటో దిగేసరికి ఆయన్ని వాకిట్లో పడుకోబెట్టారు. ఊరిపెద్ద పాడెకి పచ్చివెదురు తెమ్మన్నాడు. అది మా ఆనవాయితీ, ఎండుకర్ర కట్టరు. ఎవరూ కదల్లేదు. కొండవైపు ఎవరూ చూడలేదు. నా వైపు కూడా చూడలేదు. చూసుంటే నేను తల ఎత్తుకుని నిలబడేవాణ్ని. చూడకపోవడం వల్లే నా తల దిగిపోయింది. నా కొట్టు దగ్గర లారీడు వెదురు ఉంది. అంతా మూరెడు మూరెడు ముక్కలే. కోడిని వండడానికి పనికొస్తాయి. మనిషిని మొయ్యడానికి అందులో ఒక్క నిలువు కర్ర లేదు. పొద్దున ఉన్న ఆఖరిదాన్ని కూడా నేనే కోసి వచ్చాను.

ఇంటి వెనక పొద గాలికి చప్పుడు చేసింది. అందరికీ ఒకేసారి ఆలోచన వచ్చింది. నేనే కత్తి తీసుకుని కంచె దాటాను. మా చెల్లి లేచి వచ్చింది. ఏడుపు ఆపి, ముఖం తుడుచుకుని, పొదకీ నాకూ మధ్య నిలబడింది.

"అన్నియ్యా, కొట్టకు. ఇవింకా రెండు వానలే సూసినాయి."

"ఆయనకే గదే!" అన్నాను.

"ఆయనకే. అందుకే వద్దంతన్నాను. తన పాడెకి తనే మాట తప్పినట్టవదేటి?"

కత్తి కంచె మీద పెట్టి మా ఇంటికి నడిచాను. మా అరుగు కప్పు కింద రెండు నిడుపాటి వెదురు వాసాలు ఉన్నాయి, మా నాన్న ఆ కొండమీంచే తెచ్చి వేసినవి. పొగకి నల్లబడ్డాయి. పెంకులు దించి, తాళ్లు కోసి, వాటిని లాగాను. సాయానికి వచ్చినవాళ్లని దగ్గరికి రానివ్వలేదు. భుజాన వేసుకుని తెచ్చాను. ఊరిపెద్ద చూసి, "ఎండుకర్రేటయ్యా?" అని గొణిగాడు. మా చెల్లి పొదలోంచి ఒక్క ఆకుల రెమ్మ తుంచి ఆ నల్లకర్రకి చుట్టింది. "ఇగో పచ్చి. కట్టండి" అంది. ఆ నల్లకర్రలతోనే పాడె కట్టారు. మోసినంతసేపూ ఎండువెదురు నా భుజం మీద కిర్రు కిర్రుమంటూనే ఉంది.

ఇది చదివే కొట్లవాళ్లకి ఒక మాట. మీ ఊళ్లో ఎవరైనా లేచి ఇలాంటి మాట చెబితే నవ్వించకండి. నవ్వించడం నాకు బాగా వచ్చు, అదే మా కొండని తినేసింది. కొండెక్కి వచ్చి తినేవాళ్లకి కూడా ఒక మాట. మీరు తిన్న బొంగు ఎన్ని వానలు చూసిందో అడగండి. చెప్పలేనివాడి దగ్గర తినకండి. ఈమధ్య మా చెల్లి ఊరిని కూర్చోబెట్టి వెదురు కొత్త మాట మళ్లీ ఎత్తింది. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఒప్పుకున్నారు. నేను వెనక వరసలో కూర్చుని చెయ్యెత్తాను. మెచ్చుకోనక్కర్లేదు. కొట్టడానికి కొండమీద ఏమీ మిగల్లేదు కాబట్టి ఎత్తడం తేలికైంది.

కొట్టు మూశాను. మిగిలిన బొంగులు తెచ్చి అరుగు మీద నిలబెట్టాను. వాసాలు తీసిన చోట కప్పు తెరుచుకునే ఉంది. కొత్త వాసాలు వెయ్యాలంటే వెదురు కావాలి, ఆయన పొద మూడో వాన చూడాలి. ఇప్పుడు వాన పడుతోంది. ఆ సందులోంచి నీళ్లు సరిగ్గా బొంగుల మీదే పడుతున్నాయి. ఒకటి నిండి పొర్లుతోంది, పక్కది నిండుతోంది. ఖాళీదాని మీద చినుకు పడ్డప్పుడల్లా లోపల టక్కుమంటోంది. నేను గోడకి ఆనుకుని కూర్చుని వింటున్నాను.