పిగిలిపిట్ట వకీలు

మా మామయ్య మ్యూజియంలో అటెండరు. అద్దాల పెట్టెలు తెరిచి, లోపల గడ్డి కూరి నిలబెట్టిన జంతువుల దుమ్ము దులపడం ఆయన పని. తను గైడు అవ్వాలన్నది ఆయన కోరిక. ఆ ఉద్యోగం ఖాళీ అయ్యిందని తెలియగానే ఇంట్లో ఉపన్యాసాలు మొదలుపెట్టాడు. కాలేజీ మధ్యలో వదిలేసి ఆయన తిండి తింటున్నవాణ్ణి కాబట్టి శ్రోతను నేనే.

పరీక్ష చిన్నదే. ఒకే పెట్టెలో పక్కపక్కన ఉన్న పిగిలిపిట్టనూ, పండ్లు తినే గబ్బిలాన్నీ బడిపిల్లలకు పోల్చి చెప్పాలి. మామయ్య పోల్చలేదు, పిట్ట తరఫున వకాల్తా పుచ్చుకున్నాడు.

"పిట్ట పొద్దున్నే లేస్తుంది. పాడుతుంది. గూడు కట్టుకుంటుంది. గబ్బిలమో, పగలంతా తలకిందులుగా వేలాడి నిద్ర. ఎవరిలా ఉందిరా?"

"మీ మేనల్లుడిలా."

"ఆమాత్రం తెలిస్తే చాలు."

రెండూ పండ్లు తింటాయి. రెండూ గింజలు చల్లి చెట్లు మొలిపిస్తాయి. పెట్టె మీద చీటీలో ఆ మాటే ఉంది. మామయ్య లెక్కలో మాత్రం పిట్ట రుచి చూస్తుంది, గబ్బిలం దొంగతనం చేస్తుంది. తను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం.

పరీక్ష రోజు బడిపిల్లల గుంపు వచ్చింది. వెనక మ్యూజియం పెద్ద మేడమ్. నేనూ టికెట్టు కొనుక్కుని వెళ్లాను. మామయ్య బాగానే మాట్లాడాడు, పిల్లల్ని నవ్వించాడు కూడా. అప్పుడొక పాప చెయ్యెత్తింది.

"అంకుల్, వీటిల్లో పిల్లలకి పాలిచ్చేది ఏది?"

గబ్బిలం పిల్లను కంటుందనీ, పాలిస్తుందనీ, పొట్టకు కరిపించుకుని ఎగురుతుందనీ ఆయనకు కంఠతా వచ్చు. నోరు తెరిచాడు. నన్ను చూశాడు. మూశాడు.

"చెప్పవయ్యా," అంది మేడమ్.

"పిట్టేనమ్మా. తల్లంటే అదీ."

"గుడ్లు పెట్టేదానికి పాలేంటి అంకుల్?"

పిల్లలకు నవ్వాగలేదు. మేడమ్‌కు నవ్వు రాలేదు.

ఇంటికి రాగానే అత్తయ్య అడిగింది: "తెలిసీ అలా ఎందుకన్నారండీ?"

"గబ్బిలం మంచి తల్లని నా నోటితో అంటే వీడు నెత్తికెక్కి కూర్చుంటాడే."

"ఇప్పుడు మీరెక్కడ కూర్చున్నారు?"

మామయ్య చొక్కా విప్పి కొక్కేనికి తగిలించాడు.

గైడు ఉద్యోగం గేటు దగ్గర టికెట్లు చింపే అతనికి ఇచ్చారు. మామయ్య పాత పనిలోనే ఉన్నాడు. పిగిలిపిట్టను మెత్తటి కుంచెతో ఈకకు ఈక దులుపుతాడు. గబ్బిలం మీద ఇప్పుడు వేలితో పేరు రాయొచ్చు, అంత దుమ్ము.