రంగు పట్టని ఎడమ తలుపు

అది 1964. నెల్లూరు ట్రంకు రోడ్డు పక్కన మా పెయింటు షెడ్డు ఉండేది. పైన రేకులు, మూడు వైపులా తడికలు, లోపల ఒక ఎయిర్ కంప్రెసర్, మేకుకు వేలాడే రెండు స్ప్రే గన్‌లు. మా ఆస్తి అంతే. అయినా గూడూరు నుంచి కావలి దాకా ఎవరి కారుకు గీత పడినా "మాలకొండయ్య దగ్గరికి తోలుకుపో" అనేవారు. ఈ మాట చెప్పుకోవడానికి నాకేమీ మొహమాటం లేదు. ముప్ఫై ఏళ్ళకు పైగా ఆ పని చేశాను. దాని గురించి కాక ఇంక దేని గురించి గొప్పలు చెప్పుకుంటాను?

ఆ రోజుల్లో కొత్త కారంటే పేరు రాయించుకుని ఏళ్ళ తరబడి ఎదురుచూడాల్సిందే. అలా వచ్చిన కారు మీద గీత పడితే యజమానికి ఒంటి మీద పడినట్టే ఉండేది. పాత కారుకు రంగు వెయ్యడం సులువు. మొత్తం గీకేసి మొత్తం వేసేస్తాం. కొత్త కారుతోనే చిక్కు. చెయ్యెడు చోట రంగు వేసి, అది చుట్టూ ఉన్న కంపెనీ రంగులో కలిసిపోయేలా చెయ్యాలి. దాన్ని టచప్ అంటారు. టచప్ వచ్చినవాడే పెయింటరని నా లెక్క. రానివాళ్ళు కిటికీ రెక్కలకు రంగులు వేసుకోవచ్చు.

ఒక పొద్దున చిల్లకూరు వైపు పెద్ద రైతు వెంకురెడ్డి గారు తన అంబాసిడర్‌లో వచ్చారు. అది కొని ఏడాది కూడా కాలేదు. లేత బూడిద రంగు. ఆయనకు వరి పొలాలతో పాటు కృష్ణపట్నం దగ్గర ఉప్పు మడులు కూడా ఉండేవి. వారంలో సగం రోజులు ఆ కారు సముద్రపు గాలిలోనే నిలబడేది. దిగీ దిగగానే ఆయన నన్ను ఎడమ వైపుకు లాక్కుపోయారు. రెండు తలుపుల మీదా పొడుగ్గా గీతలు. ముందు మడ్‌గార్డు మీద కంకర తగిలి అక్కడక్కడా రంగు పెచ్చులు లేచింది.

"చూసినావా మాలకొండయ్యా, మావోడి నిర్వాకం? సర్వి తోపు కట్టెల బండికి దారిస్తా ఇస్తా కారంతా గీయించినాడు. నాకు చెప్తే గదా! నేను కుడి పక్క ఎక్కి కుడి పక్క దిగతా ఉంటి. వీడేమో నెల పొద్దులు ఎడమ పక్కను గోడకు ఆనించి పెడతా వచ్చినాడు. నీడకు పెడతా ఉండాడులే, బుద్ధిమంతుడు అనుకున్నా నేను."

డ్రైవరు పోలయ్య తల వంచుకుని నిలబడ్డాడు. పాతికేళ్ళుంటాయి. కృష్ణపట్నం దగ్గర చేపలు పట్టే పల్లెకారుల కుటుంబం వాడిది. వాళ్ళ పల్లెలో స్టీరింగు పట్టిన మొదటివాడు.

"ముందర ఎట్టుండిందో అట్టా రావాల. ఒక్క గీత కనపడిందా, వీడు మళ్ళా పడవెక్కాల్సిందే," అన్నారు రెడ్డి గారు.

నా నోరు ఊరుకుంటుందా? "రెడ్డి గారూ, గీత యాడ పడిందో మీరే ఎతుక్కోవాల. మీకు దొరికితే నేను ఈ గన్ను పెన్నలో పారేస్తా," అన్నాను. ఆయన నవ్వి, పనికి సాయంగా పోలయ్యను వదిలిపెట్టి బస్సులో వెళ్ళిపోయారు.

ఆయన అటు వెళ్ళగానే పోలయ్య నా దగ్గరికి వచ్చాడు. "అన్నా, ఎట్టనన్నా చెయ్యన్నా. మా నాయన్నీ మా యన్ననీ సముద్రమే తీసుకుపోయింది. నేను పడవెక్కనని మా యమ్మ నా చేత ఒట్టేయించుకోనుండాది. ఇంక సముద్రానికి ఇచ్చేదానికి ఆమెకు ఎవురూ లేరు," అన్నాడు.  అంతవరకూ అది నా పేరుకు సంబంధించిన పని. అప్పటినుంచి ఒక తల్లికి సంబంధించిన పని కూడా అయింది.

పని మొదలుపెట్టాను. ముందు వాటర్ పేపరు, అంటే నీళ్ళలో తడిపి రుద్దే గరుకు కాగితం. దాంతో గీత అంచులను పల్చన చెయ్యాలి. వేలు పెట్టి నిమిరితే మెట్టు తగలకూడదు. తర్వాత రెడ్ ఆక్సైడ్ ప్రైమర్. అది ఇనుముకూ రంగుకూ మధ్య పట్టు. దాని మీద పుట్టీ, మళ్ళీ రుద్దడం, ఆపైన స్ప్రే. రంగు కలపడానికే నాకు ఒక పూట పట్టింది. పేరుకు బూడిద రంగే గానీ అందులో తెలుపు, నలుపు కాక రవ్వంత పసుపు, దానికి తోడు ఒక చుక్క నీలం ఉన్నాయి. పైగా పోలయ్య పుణ్యమా అని ఎడమ వైపు గోడ నీడన ఉండి కుడి వైపు కన్నా తక్కువ వెలిసింది. రేకు ముక్క మీద వేసి, ఎండనిచ్చి, పొద్దుటి వెలుగులో తలుపు పక్కన పెట్టి చూసి, తేడా కనపడకపోయేదాకా కలిపాను.

ఇంక గన్ను పట్టుకుని కొట్టాను. తడిగా, అద్దంలా దిగింది రంగు. మురిసిపోతూ రెండడుగులు వెనక్కి వేశానో లేదో, నా కళ్ళ ముందే తలుపు నిండా గుండ్రటి గుంటలు విచ్చుకున్నాయి. గుంట అడుగున ఎర్రగా ప్రైమరు కనపడుతోంది.

కంప్రెసర్‌లో నీళ్ళు చేరాయనుకున్నాను. ట్యాంకు ఖాళీ చేసి, పైపులు ఊది, తలుపు గీకి మళ్ళీ కొట్టాను. మళ్ళీ గుంటలే. సముద్రపు గాలి తేమ అనుకుని, ఈసారి గాలి తిరగకముందే పొద్దున్నే కొట్టాను. అవే గుంటలు. రంగు వడగట్టాను, థిన్నరు డబ్బా మార్చాను. ఊహూఁ. ఎదురుగా టీ కొట్టు రమణయ్య గ్లాసు పట్టుకుని వచ్చి చూసి, "ఏమబ్బా, కారుకు అమ్మవారు పోసిందా?" అన్నాడు. టీ తాగినవాళ్ళందరూ నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. అన్నం సహించలేదు.  నేను తలుపు వైపు చూస్తే పోలయ్య మాత్రం రోడ్డు వైపు చూసేవాడు.

ఆ మధ్యాహ్నం ఎండు చేపల గంప నెత్తిన పెట్టుకుని వాళ్ళమ్మ కావమ్మ వచ్చింది. నెల్లూరులో అమ్ముకోవడానికి వచ్చి, పనిలో పనిగా కొడుక్కి అన్నం తెచ్చింది. గంప దించి, తలుపును బిడ్డ వీపు నిమిరినట్టు నిమిరింది.

"ఏంది నాయనా, అంతా గీకి పారేసినారే! నేనిచ్చిన నూనె పూసినాడా లేదా వీడు?"

"ఏం నూనె పెద్దమ్మా?"

"సొర చేప నూనె. పడవకు పూస్తామే, అదే. గీతలు పడినాయి, ఉప్పు గాలికి తుప్పు పడతాదేమోనని ఏడస్తా వచ్చినాడు. కొయ్యనే కాపాడే నూనె ఇనుమును కాపాడదా అని నేనే కాచి ఇచ్చినా. రోజూ పుయ్యమన్నా."

పోలయ్య రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. "ఒరేయ్! చెప్పకూడదంట్రా? నీ ఎదురుగా నా పరువు టీ కొట్టు పాలవతా ఉంటే గుడ్లప్పగించి చూస్తా ఉంటివే!" అని అరిచాను.

"అయ్యకు చెప్తావేమోనని భయపడినా అన్నా. సీకాయ పెట్టి కడిగినా. పోయిందనుకున్నా," అన్నాడు వాడు ఏడుపు గొంతుతో.

సీకాయతో తలకు పెట్టిన నూనె పోతుంది గానీ, నెల రోజులు గీతల్లోకి దిగిన సొర నూనె పోదు. రంగుకు నూనె అంటే పడదు. కంటికి కనపడనంత నూనె ఉన్నా చాలు, దాని చుట్టూ రంగు తప్పుకుని గుంట కడుతుంది. నేనేమో ప్రతిసారీ అదే గుడ్డతో తుడుస్తూ ఆ నూనెను తలుపంతా పరిచాను.

కోపంలోనే ఒక సంగతి గుర్తొచ్చింది. నేను ఇనుము దాకా గీకిన ప్రతిచోటా ఇనుము తళతళలాడుతూ కనిపించింది. తుప్పు మచ్చ ఒక్కటి లేదు. ఉప్పు మడుల పక్కన నెల రోజులు నోరు తెరుచుకుని ఉన్న గీతలకు తుప్పు పట్టకపోవడమా? వెంటనే కుడి వైపుకు వెళ్ళి వంగి చూశాను. వెనక మడ్‌గార్డు కింది అంచున రెండు పెచ్చులు. వాటిని రెడ్డి గారూ చూడలేదు, పోలయ్యా చూడలేదు. గోటితో అదిమితే చుట్టూ రంగు పొరలా లేచింది. కింద ఎర్రటి పొడి. అదే రోడ్డు, అదే గాలి. నా కోపం ఎటు పోయిందో తెలియదు. ఆ పెచ్చులను మాత్రం ముట్టుకోకుండా అలాగే ఉంచాను.

ఎడమ వైపు అంతా మళ్ళీ గీకాం. బట్టల సోడా కలిపిన వేడి నీళ్ళతో కడిగాం. నేను పెట్రోలులో తడిపిన గుడ్డతో తుడిస్తే, అది ఆరేలోపల పోలయ్య పొడి గుడ్డతో తుడిచేవాడు. తడి గుడ్డ నూనెను లేపుతుంది, పొడి గుడ్డ ఎత్తుకుపోతుంది. ఒకసారి వాడిన గుడ్డ మళ్ళీ వాడలేదు. మా ఇంట్లో పాత పంచె ఒక్కటి మిగల్లేదు, నా భార్య తిట్టని తిట్టు లేదు. ఆఖరున తలుపు మీద నీళ్ళు పోశాం. నూనె ఉంటే నీళ్ళు ముత్యాల్లా విడిపోతాయి. ఈసారి పొరలా పరుచుకుని నిలిచాయి. మర్నాడు పొద్దున మళ్ళీ గన్ను పట్టుకుని కొట్టాను. రంగు దిగింది. నిలబడ్డాం, చూశాం. ఒక్క గుంట లేదు. పోలయ్య నా కాళ్ళ మీద పడబోతే భుజం పట్టుకుని లేపాను. నా కళ్ళూ తడిశాయి, దాచుకోవడం దేనికి? రంగు ఆరి గట్టిపడ్డాక కాంపౌండు అనే మెరుగు ముద్ద పెట్టి రుద్ది మెరుపు తెచ్చాం.

రెడ్డి గారు వచ్చారు. కారు ఎండలోకి తెప్పించి చుట్టూ తిరిగారు. కళ్ళజోడు పెట్టి చూశారు, తీసి చూశారు. చివరికి వెనక డిక్కీ హ్యాండిలు కింద వేలు పెట్టి, "ఇదిగో, ఈడ తేడా తెలస్తా ఉండాది," అన్నారు.

"అది నేను తాకను కూడా తాకలా రెడ్డి గారూ. కంపెనీవాళ్ళ పని అది," అన్నాను. రమణయ్య టీ కొట్టు ముందు మళ్ళీ నవ్వులు. ఈసారి అవి నాకు తేనెలా ఉన్నాయి.

అప్పుడు ఆయన్ను కుడి వైపుకు తీసుకుపోయి ఆ రెండు పెచ్చులు చూపించాను. తుప్పు చూపించాను. ఎడమ వైపు తుప్పు ఎందుకు పట్టలేదో, నా పని ఎందుకు ఆలస్యమైందో, సొర నూనె సంగతంతా దాచకుండా చెప్పాను. పోలయ్య ముఖంలో నెత్తురు లేదు. రెడ్డి గారు ఆ ఎర్ర పొడిని వేలితో తీసుకుని నలిపి చూశారు. తర్వాత పోలయ్య వైపు తిరిగారు.

"మరి ఈ పక్క ఎందుకు పుయ్యలేదురా?" అని గట్టిగా కసిరారు.

అంతే. పడవ మాట మళ్ళీ ఎత్తలేదు. ఆ పెచ్చులు కూడా బాగుచేయించుకుని పోలయ్య చేతే కారు తోలించుకుని వెళ్ళారు.

ఆ కారు తర్వాత నా పని పద్ధతే మారింది. సముద్రం వైపు నుంచి ఏ బండి వచ్చినా గీత చూసే ముందు డ్రైవరును కూర్చోబెట్టి, టీ తాగించి, "దీనికి ఏం పూసినావో చెప్పు, ఎవురికీ చెప్పనులే," అని అడిగేవాణ్ణి. ఒకడు ఆముదం అన్నాడు, ఒకడు కొబ్బరి నూనె అన్నాడు. భయపెడితే ఎవరూ చెప్పేవారు కాదు. సొర నూనె డబ్బా కూడా షెడ్డులో పెట్టాను. రంగు పడే చోటికి రానివ్వను గానీ, తలుపుల లోపలి వైపు, మడ్‌గార్డుల అడుగున నేనే పూసేవాణ్ణి. ఆ డబ్బా నింపేది కావమ్మే. నెల్లూరు వచ్చినప్పుడల్లా ఆ కారు మా షెడ్డు దగ్గర కనిపిస్తే, గంప దించి ఎడమ తలుపు ఒకసారి నిమిరి వెళ్ళేది. పోలయ్య మళ్ళీ పడవెక్కలేదు.