టీవీ పైన తాతమ్మ

మా ఇంట్లో ఆడపిల్లలకి ఏ రోగం వచ్చినా ఒకటే మందు ఉండేది. తీసుకెళ్లి తాతమ్మ ఫొటో ముందు నిలబెట్టేవారు. గట్టిగా నవ్వితే తాతమ్మ, కాలు మీద కాలేసుకుంటే తాతమ్మ, జాకెట్టు మెడ వెనక కాస్త దిగితే తాతమ్మ. ఫొటోలో ఆవిడ నిండుగా చీర కట్టుకుని, కొంగు ముందుకి తెచ్చి పట్టుకుని, తల వంచి, చూపు నేల మీద పెట్టి నిలబడి ఉంటుంది. పక్కన బల్ల మీద పూలకుండీ. "చూశావా, ఆడదంటే అలా ఉండాలి" అనేది అమ్మ. ఆ వంచిన తలని చూసీ చూసీ నాకు చిన్నప్పుడే మెడనొప్పి పట్టుకుంది.

ఆవిడ మా తాతయ్యకి తల్లి అన్నారు, నమ్మాం. నోట్లోంచి మాట బయటికి రాని మనిషట. కోపమే లేదట. తాతయ్యని, ఆయన తమ్ముళ్లని కనిపెంచి, పొలం పనులు చేసిన మనిషికి కోపమే రాలేదంటే నాకు అప్పట్లోనే అనుమానం కలగాల్సింది. కలగలేదు.

ఇప్పుడు నేను విజయవాడలో ఆడపిల్లల డిగ్రీ కాలేజీలో చరిత్ర చెబుతాను. "హిస్టరీ చదివితే ఏమొస్తుందండీ మేడమ్?" అని ప్రతి ఏడూ ఎవరో ఒకరు అడుగుతారు. నాకు జీతం వస్తోంది కదమ్మా అంటాను. అసలు సంగతి వేరే. ఎవరైనా గొంతు పెంచి "మన సంస్కృతి" అనగానే, ఎప్పటిది, ఎవరు మొదలెట్టారు, అప్పుడు ఎవరు తిట్టారు అని అడగడానికి పనికొచ్చే చదువు ఇదొక్కటే. మొన్నామధ్య చున్నీ గురించి క్లాసులో పెద్ద గొడవైంది. మీ మామ్మల్ని అడిగి రండి, వాళ్లు ఏ వయసులో చున్నీ వేసుకున్నారో అని పంపించాను. మర్నాడు సగం మంది నవ్వుతూ వచ్చారు. ఒక పిల్ల వాళ్ల మామ్మయితే, పవిట ఉండగా మళ్లీ ఆ గుడ్డ ఎందుకే అందట.

ఇంత తెలివి కాలేజీ గేటు దాకానే. సొంత ఇంటి గోడ మీదికి ఎప్పుడూ రాలేదు.

పోయిన చలికాలంలో మా అన్నయ్య కూతురి వీడియో ఒకటి బంధువుల వాట్సాప్ గ్రూపులో పడింది. పిల్ల విజయవాడలోనే హాస్టల్లో ఉండి ఇంజనీరింగ్ చదువుతోంది. కాలేజీ డాన్స్ టీములో చేరింది. వాళ్ల టీము హైదరాబాదులో ఫైనల్స్‌కి ఎంపికైంది కూడా. ఏదో సినిమా పాటకి ఆరేడుగురు పిల్లలు స్టేజీ మీద ఆడుతున్నారు, మధ్యలో మా పిల్ల. నా కంటికి చక్కగానే ఆడింది. మా బాబాయి ఒకాయన ఆ వీడియో కింద తాతమ్మ ఫొటో పెట్టి "అప్పుడు, ఇప్పుడు" అని రాశాడు. దాని కింద దణ్ణం పెట్టే చేతుల బొమ్మలు వరసగా పడ్డాయి. పెళ్లికి పిలిస్తే పలకని వాళ్లంతా దణ్ణాలు పెట్టారు.

అన్నయ్య ఆ సాయంత్రమే హాస్టల్‌కి వెళ్లి పిల్లని కంకిపాడులో తన ఇంటికి తీసుకొచ్చేశాడు. ఫోను లాక్కున్నాడు. హైదరాబాదు లేదు, డాన్సు లేదు, ఇకనుంచి హాస్టల్ కూడా లేదు, ఇంటి నుంచే కాలేజీ బస్సులో వెళ్లి రావాలి అన్నాడు. నాకు ఫోన్ చేసి, "ఆదివారం ఒకసారి రా. నువ్వు చెబితే అది వింటుంది" అన్నాడు. ఏం చెప్పాలో అడగలేదు నేను. అతను చెప్పలేదు.

అన్నయ్యకి ఎరువుల కొట్టు ఉంది. ఈమధ్యే కొత్త ఇల్లు కట్టాడు. హాల్లో గోడకి పెద్ద టీవీ, దాని పైన కొత్త ఫ్రేములో తాతమ్మ. నేను వెళ్లేసరికి టీవీలో పాటల కార్యక్రమం వస్తోంది. వానలో హీరోయిన్ తడుస్తూ ఆడుతోంది. సౌండు తగ్గించారు కానీ ఎవరూ కట్టెయ్యలేదు. పిల్ల సోఫా అంచున ఏడ్చి ఏడ్చి ఉబ్బిన మొహంతో కూర్చుంది. కిటికీ దగ్గర కుర్చీలో మా మేనత్త చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. నాన్నకి అక్క. నాన్న పోయినా ఆవిడ గట్టిగానే ఉంది. వినమన్నవి ఆవిడకి వినపడవు, వినకూడనివన్నీ వినపడతాయి.

"పరువు పోతోందే. నువ్వన్నా చెప్పు దానికి" అన్నాడు అన్నయ్య.

"ఆ టీవీలో అమ్మాయి ఆడుతుంటే కాఫీ తాగుతూ చూస్తున్నావుగా అన్నయ్యా. నీ పరువుకేం కాలేదే."

"ఆ అమ్మాయి మన పిల్ల కాదుగా."

నిజాయితీగా చెప్పాడు. ఆ ఒక్క ముక్క మీద నేను ఒక సెమిస్టరంతా పాఠం చెప్పగలను. చెప్పబోయాను కూడా. ఈలోగా అతను వేలెత్తి గోడ మీదికి చూపించాడు.

"తాతమ్మ ఏనాడన్నా నలుగురిలో ఎగిరిందా? చెప్పు."

అప్పుడు చూశాను ఆ ఫొటోని, మొదటిసారి, పిల్లలకి క్లాసులో చూడమని చెప్పే పద్ధతిలో. ఎప్పుడు తీశారు, ఎవరు తీయించారు, ఒంటి మీద ఉన్నవి ఎవరివి? తాతమ్మ రోజుల్లో మా వాళ్లది కౌలు వ్యవసాయం. ఊడ్పుల్లో దిగిన మనిషి చీర మోకాళ్ల పైకి ఎగ్గట్టుకుంటుంది కానీ కుచ్చిళ్లు నేలకి జీరాడేలా కట్టదు. ఆ బుట్టచేతుల జాకెట్టు, ఆ వంకీలు, ఆ బల్ల, పూలకుండీ, వెనక రంగుల తెర. బెజవాడ వెళ్లి స్టూడియోలో దిగిన ఫొటో అది.

"అది తాతమ్మ చీర కాదన్నయ్యా. స్టూడియోవాళ్లు కట్టబెట్టి ఉంటారు. ఆ తల వంచడం కూడా వాళ్లు చెప్పిందే అయ్యుంటుంది. ఆవిడ ఇంటి దగ్గర అలా ఉండేదని నీకెవరు చెప్పారు?"

కిటికీ దగ్గర మేనత్త నవ్వింది. "సగం దాకా వచ్చావే" అంది. "చీర మా అమ్మది. కట్టుకుంది మా నాన్న."

ఎవరికీ అర్థం కాలేదు. ఆవిడ చిక్కుడుకాయల చేట పక్కన పెట్టి తీరిగ్గా చెప్పింది. పెళ్లయిన కొత్త నుంచీ చాలా ఏళ్లు తాతయ్య నాటకాల్లో ఆడవేషాలు వేశాడట. కృష్ణ అవతల ఊళ్లలో ఆయన పద్యానికి జనం వన్స్‌మోర్ మీద వన్స్‌మోర్ కొట్టేవాళ్లట. నాయనమ్మ చీరలు, నగలు ఆయన పెట్టెలోనే ఉండేవట. "ఆయన కొంగు పట్టుకునే తీరు చూసి ఆడవాళ్లు నేర్చుకునేవాళ్లు. మా అమ్మ కుచ్చిళ్లు పోసుకోవడం నేర్చుకుంది ఆయన దగ్గరే" అంది. తర్వాత ఊరికి ప్రెసిడెంటయ్యాక ఆయన ఆ ఊసు ఎత్తొద్దన్నాడట. "మీ అమ్మ కోడలుగా వచ్చి, ఈవిడ మామయ్యగారి అమ్మగారా అండీ అనడిగింది. అనుకుంటే అనుకోనీలే అని ఊరుకున్నాం."

అందరం లేచి టీవీ దగ్గరికి వెళ్లాం. ఎడమ కనుబొమ మీద, కాటుక కింద, గీత కనపడింది. ఎద్దు కొమ్ము తగిలిన మచ్చ. చిన్నప్పుడు తాతయ్య ఒళ్లో కూర్చుని నేను వేలితో తడిమిన మచ్చే. కింద తెర మీద హీరోయిన్ ఇంకా తడుస్తూనే ఉంది.

"నేను ప్రతి శుక్రవారం బొట్టు పెడుతున్నానండీ ఆ ఫొటోకి" అంది వదిన నీరసంగా.

నాకు నవ్వు ఆగలేదు. మా అమ్మ, పిన్నులు, నేను, ఈ పిల్ల, మూడు తరాల ఆడవాళ్లం ఆడతనం నేర్చుకున్నది మీసాలు తీయించుకున్న మా తాతయ్య దగ్గర. ఆ సిగ్గు రిహార్సల్ చేసిన సిగ్గు.

అన్నయ్య తేరుకోవడానికి ఎంతోసేపు పట్టలేదు. "అయితే ఏమైంది? మగవాడు వేస్తే అది కళ. ఆడపిల్ల సంగతి వేరు" అన్నాడు.

నవ్వు పోయి ఒళ్లు మండింది నాకు. ఏదో అనేదాన్నే, పిల్ల ముందుగా అంది, "అంటే నాన్నా, ఆడపిల్లలా ఆడటం కూడా ఆడపిల్లకి పనికిరాదా?"

అన్నయ్య నోరు తెరిచేలోగా మేనత్త మాట్లాడింది. ఈసారి నవ్వలేదు.

"గొడ్లచావిట్లో రిహార్సల్స్ వేసేవాళ్లు. తలుపు వెనక కూర్చుని పద్యాలన్నీ నాకొచ్చేశాయి. ఒకనాడు ఆయన నాటకం ఆడి తెల్లారి ఇంటికొచ్చాడు, వెంట హార్మనీ ఆయన, ఇంకా నలుగురు. మురిసిపోతాడనుకుని ఆయన పద్యమే ఎత్తుకున్నా, చేతులు కూడా ఆయనలాగే తిప్పుతూ. చెంప పగలగొట్టాడు. ఆడపిల్లవి, నలుగురిలో పాడతావా అన్నాడు. అప్పటికి ఆయన మొహాన రంగు ఇంకా పూర్తిగా పోలా." అన్నయ్య వైపు తిరిగింది. "మళ్లీ నేను పాడలా. ఆయన్ని ఎదురడగలేకపోయాన్రా. నిన్ను అడుగుతున్నా. దాన్ని పంపు."

అన్నయ్య ఫొటో వంక చూశాడు, అత్త వంక చూశాడు, కొట్టు దాకా వెళ్లొస్తానన్నాడు. ఆదివారం కొట్టు మూసి ఉంటుంది. చాలాసేపటికి వచ్చి, ఎవరి మొహమూ చూడకుండా పిల్ల ఫోను తీసి సోఫా మీద పెట్టాడు.

పిల్ల హైదరాబాదు వెళ్లింది. ప్రైజు రాలేదు. వీడియో వచ్చింది. గ్రూపులో ఈసారి అప్పుడూ ఇప్పుడూ ఏమీ రాలేదు, బాబాయికి ఎవరో చెప్పేసినట్టున్నారు. ఆ వారం నేను కంకిపాడులోనే ఉన్నాను. అన్నయ్య ఆ వీడియోని పెద్ద టీవీలో పెట్టాడు. మేనత్త కళ్లజోడు తుడుచుకుని, కుర్చీ దగ్గరగా లాక్కుంది. పిల్లలు ఆడినంతసేపూ ఆవిడ ఫొటో వంక తలెత్తలేదు. ఒళ్లో చేతివేళ్లు మాత్రం ఏదో తాళానికి కదిలాయి. అది ఆ పాట తాళం కాదు.

పాట అయిపోయింది. తెర నల్లబడింది.

"వన్స్‌మోర్" అంది మేనత్త, వీధిలోకి వినపడేంత గట్టిగా.

అన్నయ్య రిమోట్ తీసుకుని మళ్లీ మొదట్నుంచి పెట్టాడు.