అర్జునుడికి గుక్క చాలని పాట

2022 ఎండాకాలం. తిరుచానూరు దారిలో ఒక మేడమీద చలపతి అనే ఆయనకు చిన్న రికార్డింగు గది ఉండేది. నేను అందులో కూర్చుని పాటలకు వరసలు కట్టేదాన్ని. భక్తి పాటలు, పెళ్లి వీడియోలు, మామిడి గుజ్జు ఫ్యాక్టరీల ప్రకటనలు, ఎన్నికలొస్తే మైకు బండి పాటలు, ఏది వస్తే అది. నా చదువు ఏడో తరగతితో ఆగింది. కొన్ని రాగాల పేర్లు ఇప్పటికీ నాకు నోరు తిరగవు. కానీ మా నాయన వీధినాటకాలకు హార్మోనియం వాయించేవాడు. ఆయన పక్కన కూర్చుని విన్న పాట ఒక్కటి కూడా మరిచిపోలేదు.

గదిలో చేసేది బతుకుదెరువు. ఇష్టంకొద్దీ చేసే పని వేరే ఉండేది. మా చిత్తూరు పక్క ద్రౌపదమ్మ గుళ్లలో ఎండాకాలం భారతం జరుగుతుంది. పగలు హరికథ, రాత్రి నాటకం. మధ్యలో ఒకరోజు అర్జునుడి తపస్సు. ఊరి బయలులో తాటిచెట్టంత మాను నాటి, దానికి మెట్లు కొడతారు. అర్జునుడి వేషగాడు ఉపవాసం ఉండి, మెట్టు మెట్టుకూ పాడుతూ పైకెక్కుతాడు. కింద బిడ్డలు లేని ఆడవాళ్లు తడిచీరలతో సాగిలపడి ఉంటారు. పైనుంచి ఆయన విసిరే నిమ్మకాయ కొంగులో పడితే బిడ్డ కలుగుతుందని వాళ్ల నమ్మకం. ఒకసారి ఎక్కడం మొదలుపెడితే పాట ఆగకూడదు, మనిషి మధ్యలో దిగకూడదు.

బంగారుపాళ్యం దగ్గర మా ఊళ్లో ఆ పాటలకు కొత్త వరసలు కడతానని నేనే అడిగి పెద్దవాళ్లను ఒప్పించాను. వేషం కట్టేది మునెప్ప. బేల్దారి పనిచేస్తాడు, నాకు తమ్ముడి వరస. నేను ఫోనులో పాడి పంపితే గోడ కడుతూ నేర్చుకున్నాడు.

సరిగ్గా అప్పుడే చెన్నై నుంచి ఒక టీవీ సీరియలు పని వచ్చింది. టైటిల్ సాంగ్, దాంతోపాటు బీజీఎం, అంటే మాటల వెనక వినిపించే వాయింపు. నెలనెలా జీతంలా వచ్చే పని నా జన్మలో అదే మొదటిది. వాళ్ల డైరెక్టరు తిరుమల కొండకు వచ్చి, దర్శనం అయ్యాక పొద్దున మా గదికి వస్తానన్నాడు. ఆ రోజే మా ఊళ్లో సాయంత్రం తపస్సు. మధ్యాహ్నానికి ఇక్కడ ముగించుకుని బస్సెక్కవచ్చులే అనుకున్నాను.

గదిలో ఎదురుచూస్తూ ఉంటే మునెప్ప ఫోను.

“యాడుండావక్కా?”

“గదిలోనే అప్పా. మధ్యాన్నం బయలుదేరతా. ఏమైంది?”

“నీ పాట నేలమీద బాగానే వస్తాది. నిన్న పనికాడ నిచ్చెన ఎక్కతా పాడి సూసినా. గుక్క సాల్లేదు. సెయ్యి పైకెత్తేతలికి గొంతు పట్టేస్తా ఉండాది.”

“అట్లయితే మా నాయన కట్టిన పాతదే పాడు. నాకేం కోపం లేదు.”

“అదీ సూసినా. పాతది ఎత్తుకుంటే సగంలో నీది వచ్చి అడ్డం పడతాది. రెండూ కలబడి ఏదీ రావడంలేదు. మాను మీద మర్చిపోతే ఏం జేసేదక్కా?”

పూజ కాకుండా తపస్సు మానును ముట్టుకోకూడదు. అందుకే ఎక్కుతూ పాడి చూడాలని నిన్నటిదాకా మా ఇద్దరికీ తోచలేదు. పాత వరసలో మాటలు ముక్కముక్కలుగా ఉంటాయి. అందం చాలదని నేను వాటిని కలిపి పొడుగ్గా సాగదీశాను, పంకా కింద కుర్చీలో కూర్చుని.

సీరియలు మేనేజరు సెల్వానికి ఫోను చేశాను.

“ఇంకా క్యూలోనే ఉన్నాం మేడం. రెండు గంటలైనా పట్టుద్ది.”

“సార్, స్క్రాచ్ పెట్టి పోతాను, వినండి. నాకు ఊళ్లో తప్పని పని.” స్క్రాచ్ అంటే వరస తెలియడానికి పచ్చిగా పాడి పెట్టే నమూనా.

“డైరెక్టరుగారు మార్పులు చెప్తారు. అప్పటికప్పుడు చేసి చూపించాలి. మనిషి లేకుంటే ఎట్ల మేడం?”

ఫోను పెట్టేసి కూర్చున్నాను. కూర్చోలేక లేచాను. కిటికీ దగ్గరికి పోయి ప్రతి కారునూ వాళ్లదేనేమో అని చూశాను. నా కళ్ల ముందు మాత్రం మాను మీద మెట్టు కోసం తడుముకునే కాలే కనబడుతోంది. చివరికి సంచి భుజాన వేసుకున్నాను.

చలపతి అడ్డం వచ్చాడు. “పిచ్చా సరోజమ్మా? వాకిట్లోకొచ్చిన పనిని కాలితో తంతావా?”

“పడితే పడేది వాడు గదప్పా” అని మెట్లు దిగాను.

బస్సులో కూర్చోను చోటు లేదు. పైకమ్మీ పట్టుకుని నిలబడి ఆ పాటే గొణిగాను. ఒక్కసారిగా గుక్క తెగింది. చెయ్యి పైకి ఉంటే ఊపిరి ఎక్కడ ఆగుతుందో నాకు తెలిసింది అక్కడే. చెయ్యి మారుస్తూ, పాడుతూ, ఆపుతూ వరస ముక్కలు చేయసాగాను. పక్కసీటు అవ్వ నన్నే చూస్తోంది.

“ఏమ్మే, పూనకమా?”

“కాదవ్వా, పాట.”

“గమ్మున పాడుకోమ్మా. పైకి ఎగరబాక, బస్సు పాతది.”

ఊరు చేరేసరికి మునెప్ప ముఖానికి రంగు వేసుకుని, కిరీటం పెట్టుకుని కూర్చున్నాడు. చెవిలో చెప్పాను.

“సెయ్యి పైమెట్టుకు పొయ్యేటప్పుడు నోరు మూసుకో. ఆ ముక్క నేను పెట్టెలో వాయిస్తా.” పెట్టె అంటే మాకు హార్మోనియం.

“పాట ఆగకూడదు గదా?”

“నీ నోరు ఆగుతాది. పాట ఆగదు.”

“నిమ్మకాయలు కూడా నువ్వే ఇసురుతావా యేంది?” అన్నాడు. నవ్వి, మాను వైపు నడిచాడు.

ఎక్కడం మొదలైంది. నేను మీటల వైపు చూడలేదు, వాడి చేతినే చూశాను. చెయ్యి లేస్తే నేను వాయిస్తాను, మెట్టు దొరికితే వాడు పాడతాడు. సగం దాటాక రంగు కారి కంట్లో పడినట్టుంది, తల విదిలించాడు. చెయ్యి మెట్టు మీదే ఉంది, గొంతు రాలేదు. ఆ ముక్కే మళ్లీ వాయించాను. రాలేదు. మళ్లీ వాయించాను. కింద పడుకున్న ఆడవాళ్లలో ఒకామె తలెత్తి పైకి కాకుండా నా వైపు చూసింది. అయినా ఆపలేదు. అప్పుడు పైనుంచి బొంగురుగా, శ్రుతి తప్పి, పాట అందుకున్నాడు. నా జీవితంలో శ్రుతి తప్పిన పాటకు అంత సంతోషపడింది లేదు.

వాడు దిగి, నీళ్లు తాగేదాకా నేను ఫోను తీయలేదు. తీస్తే అన్నీ సెల్వం చేసిన కాల్సే. తిరిగి చేస్తే, నేను పెట్టి వచ్చిన స్క్రాచ్ విని టైటిల్ సాంగ్ తీసుకున్నారని చెప్పాడు. బీజీఎం మాత్రం అప్పటికే ఇంకొకరిని పిలిపించి ఇచ్చేశారు. “మీరుండి ఉంటే మీకే మేడం” అన్నాడు. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది. మునెప్పకు చెప్పలేదు.

ఇప్పుడు ఏ పని ఒప్పుకున్నా భారతం రోజులు ముందే చెప్పేస్తాను. కొందరు సరేనంటారు, కొందరు మళ్లీ ఫోను చేయరు. చేయనివాళ్లను తలుచుకుని దిగులుపడే రోజులూ ఉన్నాయి. వరస కట్టేముందు మాత్రం పాడే మనిషి చేతులు, కాళ్లు అప్పుడు ఏం చేస్తుంటాయని అడుగుతాను. మొన్న ఒక కంపెనీ జోలపాట అడిగింది. పక్కింటి చంటిదాన్ని భుజాన వేసుకుని, వీపు నిమురుతూ, ఇల్లంతా తిరిగి కట్టాను. చంటిది రెండో చరణం దాకా ఆగలేదు, నిద్రపోయింది. పాట అక్కడికే ముగించాను.