గోలీకి ముందు రెండు ముద్దలు

కోదాడ నుంచి మిర్యాలగూడ పోయే పొద్దుటి బస్సు. రాత్రంతా పన్ను నొప్పితో నిద్ర లేదు, దవడ ఉబ్బిపోయింది. మెడికల్ షాపులో కొన్న నొప్పి గోలీని విరిచి పుచ్చు పన్నులో కూరబోయాను. మా ఊళ్లో అందరూ చేసేదే.

పక్క సీట్లో రైస్ మిల్లు కూలికి పోతున్న పెద్దామె నా చెయ్యి పట్టి ఆపింది.

"గట్ల పెట్టకు బిడ్డా, కాలుతది. సూడు," అంటూ వేలితో తన బుగ్గను పక్కకు లాగింది. లోపల చిగురు మీద కాలిన తెల్లటి మచ్చ. "మింగాలె. పరగడుపున మింగితే కడుపుల మంట లేస్తది. ఏమన్న తిన్నవా?"

"నిన్నటి నుంచి నమలలేకపోతున్నా."

ఆమె టిఫిన్ డబ్బా తెరిచింది. పెరుగన్నాన్ని మెత్తగా పిసికి నా అరచేతిలో పెట్టింది. నమలకుండానే మింగాను. చెయ్యి చాపినప్పుడల్లా మళ్లీ పెట్టింది, మళ్లీ మింగాను. ఆ తర్వాతే గోలీ వేసుకోనిచ్చింది.

"ఇది ఇయ్యాలటికే. పన్ను పీకిచ్చుకో," అని మిల్లుల దగ్గర దిగిపోయింది.

మిర్యాలగూడ బస్టాండులో నొప్పి కాస్త తగ్గింది. అప్పుడుగానీ నాకు తట్టలేదు, అది ఆమె మధ్యాహ్నం బువ్వ అని. డబ్బా ఖాళీ అయ్యేదాకా నేను చెయ్యి చాస్తూనే ఉన్నాను.