పిట్ట కూరలో సీసం

తెలంగాణ కోసం సమ్మె నడుస్తున్న రోజులవి. బొగ్గు బాయిలన్నీ బంద్. నేను డిగ్రీ చదువుకుంటూ గోదావరిఖనిలో మా అక్కవాళ్ల క్వార్టర్‌లోనే ఉండేదాన్ని. డ్యూటీ లేకపోతే మా బావకు కాళ్లు నిలవవు. పొద్దున్నే నాటు తుపాకిని గోనెసంచిలో చుట్టుకుని కమాన్‌పూర్ దిక్కు పోయేవాడు. దొరికితే జైలేనని అక్క మొత్తుకునేది. జైల్లోనైనా నీ నస తప్పుతుందిలే అని ఆయన నవ్వేవాడు.

నిజానికి ఆ వేట సరదా కోసం కాదు. అక్క బిడ్డ నాలుగేళ్లది, పుల్లలాగా ఉండేది. ఒంట్లో రక్తం లేదన్నారు. కౌజు పిట్ట కూర పెడితే రక్తం పడుతుందని మా వైపు గట్టి నమ్మకం. బాలింతలకూ అదే పెడతారు. పిట్ట దొరికిన రోజు మెత్తటి ముక్కలన్నీ ఆ పిల్ల కంచంలోకే పోయేవి. పిల్ల కడుపునొప్పని ముడుచుకుని పడుకుంటే బావ మర్నాడు ఇంకా దూరం పోయి ఇంకో పిట్ట ఎక్కువ తెచ్చేవాడు.

తుపాకిలోకి గుండ్లు ఇంట్లోనే తయారయ్యేవి. పాత లారీ బ్యాటరీల్లోని సీసాన్ని బొగ్గుల పొయ్యి మీద ఇనుప గరిటెలో కరిగించి, బొట్లుబొట్లుగా నీళ్లలో పోసేవాడు. ఆ పొగకు నాకు తల పగిలిపోయేది. తినేటప్పుడు గుండు ఎవరి పంటికి తగిలితే వాళ్లకు ఇంకో ముక్క వేయడం మా ఇంట్లో ఆట. పెద్దవాళ్లం గుండును ఉమ్మేసేవాళ్లం. పిల్లకు అంత తెలివెక్కడిది, ముద్దతో పాటే మింగేది.

పిట్టల పేగులు, గుండు తగిలి నలిగిన మాంసం క్వార్టర్ల వెనక పారేస్తే గద్దలు తన్నుకుపోయేవి. ఒకసారి ఒక గద్ద మా గోడ మీద రెక్కలు వాల్చి కూర్చుంది. మెడ నిలపలేకపోతోంది. కుక్క మొరిగినా లేవలేదు. తెల్లారేసరికి గోడ కింద చచ్చి పడుంది. ఏదో తెగులు అన్నాడు బావ.

ఆ తర్వాత కొద్ది రోజులకే పిల్లకు ఫిట్స్ వచ్చాయి. కరీంనగర్ దవాఖానకు ఎత్తుకుని పరిగెత్తాం. ఎక్స్‌రే తీస్తే కడుపులో తెల్లటి చుక్కలు కనిపించాయి. ఏం మింగిందని డాక్టరు అడిగితే అక్క బావ దిక్కు చూసింది. బావే అంతా చెప్పాడు.

అవి సీసం గుండ్లనీ, కడుపులో కరిగి రక్తంలో కలుస్తాయనీ, చిన్నపిల్లల మెదడును పాడుచేస్తాయనీ డాక్టరు విడమరిచి చెప్పాడు. గుండు ఏరేసినా లాభం లేదట, కంటికి కనిపించని పొడి మాంసంలో ఉండిపోతుందట. ఆ మాంసం తిన్న గద్దలు కూడా చస్తాయట. నాకు గోడ కింద పడున్న గద్ద కళ్లముందు ఆడింది. బావ చొక్కా పట్టుకుని గుంజి అడగాలన్నంత కోపం వచ్చింది. తీరా ఆయన ముఖం చూసి, పిల్ల మంచం దగ్గరికి పోయి కూర్చున్నాను.

మందులతో ఫిట్స్ ఆగాయి. కానీ గలగలా మాట్లాడే పిల్ల ఒక్కో మాటకు వెతుక్కోవడం మొదలుపెట్టింది. మా పేర్లు చెప్పడానికి కూడా తడబడేది. బావ తుపాకిని ఎక్కడ పారేశాడో ఎవరికీ చెప్పలేదు.

ఒక సాయంత్రం పక్క క్వార్టర్ కాక వచ్చాడు. బావతో పాటు బాయిలో పనిచేసేవాడే. కోడలు కాన్పయిందనీ, పిట్ట ఒకటి కొట్టి తెమ్మనీ అడిగాడు. బావ లోపలికి పోయి ఎక్స్‌రే తెచ్చి బల్బు ముందు పట్టాడు. డాక్టరు మాటలన్నీ తనకు వచ్చినట్టు చెప్పాడు.

కాక నమ్మలేదు. "మా తాతలకాంచి తింటున్నం. ఎవడు సచ్చిండు?"

"నేను గూడ గట్లనే అనుకున్న కాక. మందనుకోని నా చేతులతోటి పెట్టిన," అన్నాడు బావ.

గడపలో కూర్చున్న పిల్ల ఆయన్నే చూస్తోంది. మాట కూడదీసుకోవడానికి చాలాసేపు పట్టింది.

"నాయినా... పిట్ట... తెస్తవా?"

కాక పెద్దగా నవ్వాడు. చూసినవా, పిల్లనే అడుగుతుందన్నాడు.

బావ ఎక్స్‌రేను అక్కడే వదిలేసి బయటికి వెళ్లిపోయాడు. అక్క పప్పన్నం కలిపి ముద్ద నోటిదాకా తీసుకెళ్తే, పిల్ల పెదాలు బిగించుకుని, బావ పోయిన దిక్కే చూస్తూ కూర్చుంది.