ఆఖరి రీళ్ళలో వేరే గొంతు

మా ముత్తాతగారు దివిసీమలో మునసబు. ఆయన వీధిలోకి వస్తే అరుగుల మీద కూర్చున్నవాళ్ళు లేచి నిలబడేవారట. మా తాతగారు తాలూకా బోర్డు అధ్యక్షులు. అన్నదమ్ముల తగవు ఏదైనా కోర్టుకెక్కే ముందు మా సావిట్లోకి వచ్చేది, అక్కడ ఆయన చెప్పిన మాటకి తిరుగుండేది కాదు. మా నాన్నగారు పొలాలు అమ్మి సినిమాలు తీశారు, అవి ఆడలేదు, చివరికి జూబిలీ హిల్స్ బండరాళ్ళ మధ్య కట్టించిన ఇల్లొక్కటే మిగిలింది. ఇదంతా గొప్పకి చెప్పుకోవడం కాదు. మొన్న మధ్యాహ్నం టీవీలో వచ్చిన ఒక పాత సినిమా గురించి చెప్పాలంటే, మా ఇంట్లో ఇచ్చిన మాటని ఎలా చూసేవారో ముందుగా తెలియాలి.

ఆ సినిమాకి మూలం ఎనభైల్లో ఒక వారపత్రికలో సీరియల్‌గా వచ్చిన నవల. అత్తవారిళ్ళ నుంచి పారిపోయిన ఇద్దరు ఆడవాళ్ళు పేర్లు మార్చుకుని ఒక కొండ ఊళ్ళో బతుకుతుంటారు. వాళ్ళలో చిన్నామెను ఒక కొత్త మనిషి ప్రేమిస్తాడు. అది నిజంగా ప్రేమో, లేక అతను భర్త పంపగా వచ్చినవాడో ఎంతకీ తేలదు. నా ఈడు ఆడపిల్లల్లో ఆ సీరియల్ కోసం వారమంతా ఎదురుచూడనివాళ్ళు తక్కువే అనుకుంటాను.

మా ఇంట్లో ఆ పత్రిక ముందు మేనత్త చేతికి వెళ్ళేది. పెళ్ళయిన కొత్తలోనే ఆవిడ మోచేతి మీద కాలిన మచ్చతో పుట్టింటికి తిరిగొచ్చేసింది. ఒంట్లో బాగుండక మా దగ్గర ఉంటోందని మావాళ్ళు ఏళ్ళ తరబడి చెబుతూ వచ్చారు, చుట్టాలూ మర్యాదగా నమ్మినట్టు కనిపించారు. ఆవిడ చదువుతుంటే వినేది మా అవుట్‌హౌస్‌లో ఉండే, నేను అక్కయ్యా అని పిలిచే ఆవిడ. అద్దెకుందని నాన్నగారు ఎన్నడూ అనలేదు, మన అమ్మాయే, ఉంటోంది అనేవారు. తెనాలి వైపు నుంచి ఒంటరిగా వచ్చింది, ఫిల్మ్ నగర్‌లో డబ్బింగ్ చెప్పేది, పట్టపగలు కూడా గడియ వేసుకునేది. ఎందుకొచ్చావని మేమెవరం అడగలేదు. మేనత్తకి మాత్రం అడగకుండానే తెలుసు.

"వాడు మంచివాడేనంటారా పిన్నిగారూ?" అనేది అక్కయ్య, వారం వారం.

"మంచివాడని తేలిపోతే ఇంక పత్రిక ఎవరు కొంటారే!" అనేది మేనత్త.

అంట్లు తోముతూ మా పనిమనిషి అందుకునేది: "ఏ మొగోన్ని నమ్మకుర్రి అమ్మా. మా ఇంటాయన గూడ పెండ్లి నాడు మంచోడే." ముగ్గురూ పడీ పడీ నవ్వేవారు. అప్పుడు నేను డిగ్రీ చదువుతున్నాను. ఆ నవ్వులో ఏముందో నాకు అందేది కాదు.

నవలని సినిమాగా తీసినప్పుడు బొంబాయి నుంచి వచ్చిన హీరోయిన్‌కి మాటలు చెప్పే పని అక్కయ్యకే వచ్చింది. ముఖం కనబడదు, పేరు వెయ్యరు, ఇంతకంటే భద్రమైన బతుకు ఇంకొకటి లేదని ఆవిడ ధీమా. కాని ఆఖరి రీళ్ళు మిగిలుండగానే ముందు రీళ్ళలోని మాటలు తీసి రేడియోలో ప్రకటనగా వేశారు. అక్కడ ఇంకెవరి ముఖమూ అడ్డం లేదు. వట్టి గొంతే.

ఒక మధ్యాహ్నం పనిమనిషి గేటు దగ్గర్నుంచి పరుగెత్తుకొచ్చింది. ఎవరో ఒకాయన వచ్చి, డబ్బింగ్ చెప్పే ఆవిడ కావాలంటూ మాకెవరికీ తెలియని పేరేదో చెబుతున్నాడట. ఆ పేరు వినగానే అక్కయ్య లేచి నిలబడింది. అది ఆవిడ అసలు పేరు.

"నడువమ్మా, ఎనక బండల మీదికెల్లి దిగితే రహమత్ నగర్. నా ఇంట్ల ఉందువు. గాడ నిన్నెవ్వడు అడుగడు," అంది పనిమనిషి. మేనత్త చెప్పులు తెచ్చి కాళ్ళ ముందు పడేసింది.

ఈలోగా, రేడియోలో గొంతు గుర్తుపట్టి వెతుక్కుంటూ వచ్చిన ఆమె భర్త హాల్లోకి వచ్చి తన ఊరూ, తాతగారి పేరూ చెప్పుకున్నాడు. నాన్నగారికి ఆ తాతగారు తెలుసు. తెలిసిన కుటుంబం వాణ్ణి నిలబెట్టి మాట్లాడటం మా ఇంట్లో లేదు, తాతగారి నాటి టేకు కుర్చీలో కూర్చోబెట్టారు. అతను నాన్నగారి చేతిలో చెయ్యి వేశాడు. "ఇక మీదట దాని ఒంటి మీద చెయ్యి పడదండీ బాబాయిగారూ. మీ ముందు మాటిస్తున్నాను."

"అమ్మాయ్, ఒకసారి ఇలా రా. నేనున్నాను," అని పిలిచారు నాన్నగారు.

పెరటి గుమ్మం దాటిన మనిషి, ఆ 'నేనున్నాను' అన్న మాటకి వెనక్కి వచ్చింది.

ఎన్నడూ మగవాళ్ళ ముందుకి రాని మేనత్త ఆ రోజు హాల్లోకి వచ్చింది. "అన్నయ్యా, నా పెళ్ళిలోనూ ఇలాగే నీ చేతిలో చెయ్యి వేశారు."

"వాళ్ళు వేరు, ఈ కుటుంబం వేరు," అన్నారు నాన్నగారు.

అక్కయ్య ఏడవలేదు. రేపు ఆఖరి రీళ్ళు చెప్పాలి, అవి పూర్తిచేసి వస్తానని మాత్రం అడిగింది. అతను నవ్వాడు. "ఆ మాటలేవో ఇంటికొచ్చి నాకు చెబుదువుగానిలే."

ఆ సాయంత్రమే అక్కయ్యని తీసుకెళ్ళాడు. ఆ తర్వాత ఆమె కబురు లేదు. కొన్నాళ్ళకి నాన్నగారే రైలెక్కి వాళ్ళ ఊరు వెళ్ళివచ్చారు. ఆ ఇంటికి తాళం వేసి ఉందనీ, అడిగితే ఇరుగుపొరుగువాళ్ళు మొహం తిప్పుకుని లోపలికి వెళ్ళిపోయారనీ చెప్పారు. ఆనాటి నుంచి ఆయన హాల్లో కూర్చోవడం మానేశారు. మేనత్త ఆయనకి కంచం పెట్టేది, నీళ్ళు పెట్టేది. పలకరింపు మాత్రం ఆయన పోయేదాకా లేదు. నాన్నగారు మోసం చేసే మనిషి కాదు, ఈ మాట ఎవరి ముందైనా తలెత్తుకునే చెబుతాను. మనుషులు తాతల పేర్లకి కట్టుబడి ఉంటారని నమ్మారు. ఆ నమ్మకానికి మూల్యం చెల్లించింది ఆయన కాదు.

సినిమా విడుదలయ్యాక నేనూ మేనత్తా వెళ్ళాం. కథలో చివర హీరోయిన్ తలుపు తీసుకుని, ఇక తిరిగి రానని చెప్పి స్వేచ్ఛగా వెళ్ళిపోతుంది. ఆ మాట చెప్పింది వేరే గొంతు. హాలంతా చప్పట్లు కొడుతుంటే మేనత్త లేచి బయటికి నడిచింది.

మొన్న టీవీలో నేను ఆఖరిదాకా చూశాను. గొంతు మారిన చోటు ఇప్పుడెవరికీ తెలియదు. పక్కన కూర్చున్న మా అమ్మాయికీ తెలియలేదు. ఈ కాలంలో ఒక ఆడపిల్ల పారిపోయి వస్తే ఆమె వెనుక నిలబడేవాళ్ళు ఎవరో ఒకరు ఉంటారంటారు, నిజమే కావచ్చు. ఇంటి పేరు చూసి మాట నమ్మే రోజులు పోయాయని వింటే ఒకప్పుడు నాకు బాధగా ఉండేది. ఇప్పుడు బాధ దేనికో సరిగా తెలియదు. ఆ బండలు పగలగొట్టి మేడలు కట్టేశారు, రహమత్ నగర్‌కి దిగే దారి ఎక్కడుండేదో నేను వెళ్ళి చూసినా పోల్చుకోలేను.

నాన్నగారు పోయిన తర్వాత ఇల్లు అమ్మేశాం. హాల్లోని టేకు కుర్చీలను సినిమాలకు సామాను అద్దెకిచ్చేవాళ్ళు కొనుక్కున్నారు.